అనౌన్సరమ్మ ఎమ్మారై

బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పే ఆవిడను అందరూ అనౌన్సరమ్మ అనేవారు. ఊరంతటికీ ఆమె గొంతు తెలుసు, ముఖం మాత్రం ఏ కొద్దిమందికో. పెళ్లి చేసుకోలేదు. తనూ అక్కా ఒకే ఇంట్లో పోట్లాడుకుంటూ బతికారు. అక్క రొమ్ము క్యాన్సరుతో పోయాక, పోట్లాడేందుకు కూడా ఇంట్లో మనిషి లేకుండా పోయింది.

అక్కకు ఏటా మామోగ్రాం తీసి "ఏమీ లేదు" అనేవారు. ఉన్నది బయటపడేసరికి చెయ్యి దాటిపోయింది. అందుకే, తనకూ రొమ్ములో కణజాలం దట్టంగా ఉందని, గడ్డ ఉన్నా మామోగ్రాంలో కనబడకపోవచ్చని డాక్టరమ్మ చెప్పగానే ఆమె గుండెల్లో రాయి పడింది.

"ఎమ్మారై తీయించుకోమ్మా. అక్కను చూశావుగా."

బీమా కంపెనీకి ఫోన్ చేసింది.

"మామోగ్రాం వరకే ఇస్తాం మేడం. ఎమ్మారై పాలసీలో లేదు."

"అందులో కనబడదంటున్నారు కదా బాబూ!"

"కనబడితే అప్పుడు చూద్దాం మేడం."

ఫోన్ పెట్టేసి పకపకా నవ్వింది. ఈ మాట చెప్పి నవ్వించడానికి అక్క లేదని గుర్తొచ్చి ఆగిపోయింది.

సొంతంగా తీయించుకునే స్తోమత లేదు. బిక్కుబిక్కుమంటూ ఏడాది గడిపింది. తర్వాత, ఇలాంటివాళ్ల ఎమ్మారై ఖర్చు బీమా కంపెనీలే భరించాలని చట్టం వచ్చింది. డాక్టరమ్మే ఫోన్ చేసి చెప్పింది.

స్కానింగు సెంటర్లో నర్సు, "తోడెవరొచ్చారమ్మా?" అని అడిగింది.

"మా అక్క. బండి పెట్టి వస్తోంది."

అబద్ధం దానంతటదే నోటివెంట వచ్చేసింది. లోపలికి తీసుకెళ్లబోతూ నర్సు ఒకసారి గుమ్మం వైపు చూసింది. తనూ చూసింది.

శనగగింజంత గడ్డ దొరికింది. "మొదట్లోనే పట్టుకున్నాం, గండం గడిచినట్టే" అంది డాక్టరమ్మ. ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే, పక్క మంచం వాళ్ల చుట్టాలు అడిగి తీసుకెళ్లారు.

కోలుకుని మళ్లీ పనిలో చేరిన రోజు, టీకొట్టు ఆయన గ్లాసు అందిస్తూ అన్నాడు:

"ఏమ్మా, ఇన్నాళ్లూ మైకులో వేరే ఎవరో చెప్పారే? ఒంట్లో బాలేదా?"

ఆ మాట అడిగిన మొదటి మనిషి అతనే.

"బాలేదు. ఇప్పుడు ఫర్వాలేదు."

ఇంకేమైనా అడుగుతాడేమోనని గ్లాసు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. అతను అప్పటికే ఇంకొకరికి టీ పోస్తున్నాడు.