మీగడరంగు మీద తెల్ల అక్షరాలు

పాతికేళ్ల వయసులో నాకు తెలియని విషయాలు ప్రపంచంలో రెండో మూడో ఉండేవి. రంగులు మాత్రం వాటిలో లేవని నా గట్టి నమ్మకం. ఆ రోజుల్లో దుబాయ్‌లోని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో, యంత్రాల విడిభాగాలు నిల్వచేసే ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. ఆఫీసు మొత్తానికి ప్రోగ్రామర్‌ని నేనొక్కదాన్నే (కాబట్టి అందరిలోకీ గొప్ప ప్రోగ్రామర్‌ని కూడా నేనే). గోడౌన్‌లో ఏ సరుకు ఏ అరలో ఉందో చూపించే ప్రోగ్రామ్ రాయమన్నారు. రాయడం పది రోజుల్లో అయిపోయింది. రంగులు ఎంచడానికి మూడు వారాలు పట్టింది. కంప్యూటర్‌తో పాటు వచ్చే ఆ బూడిదరంగంటే నాకు అసహ్యం. తెర నిండా మీగడరంగు వేసి, బొత్తాలకు లేత మామిడాకు రంగు అద్ది, కాకినాడలో ఉన్న మా అమ్మకు ఫొటో పంపాను. "పట్టుచీరలా ఉందే" అంది. ఇంకేం కావాలి.

గోడౌన్ కంప్యూటర్‌లో పెట్టించిన మర్నాడే ఫోను. అక్కడి స్టోర్‌కీపర్‌ది కరీంనగర్ వైపు, యాభై దాటిన మనిషి, అందరూ పెద్దన్న అనేవాళ్లు.

"బిడ్డా, నీ దాంట్ల ఏం గనవడ్తలేదు. అంత తెల్లగున్నది."

"తెలుపు కాదండీ, అది మీగడరంగు," అన్నాను.

"ఏదైతే ఏంది బిడ్డా, అక్షరాలు లెవ్వు."

మంచి వస్తువు చేతికిస్తే వీళ్లింతే అని తిట్టుకుంటూ, ఎండలో రెండు గోడౌన్లు దాటి వెళ్లాను. అక్కడ చూసేసరికి ఒళ్లు మండిపోయింది. ఎవరో కంప్యూటర్ మొత్తాన్ని కటిక నలుపు చేసి, దాని మీద లావాటి తెల్ల అక్షరాలు పెట్టారు. ఆ నలుపు మధ్యలో నా మీగడ తెర, దాని మీద ఒక్క అక్షరం లేదు. "ఎవరండీ దీన్నిలా పాడుచేసింది?" అన్నాను. పెద్దన్న లేచి తన కుర్చీ నాకిచ్చాడు. నేనే సెట్టింగుల్లోకి వెళ్లి అన్నీ మామూలుగా మార్చేశాను. ఆయన ముక్కు తెరకు తగిలేంతగా వంగి, "మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నాడు. (ఆ వంగడం నేను చూశాను. చూసి, నా రంగుల్ని ముచ్చటగా చూసుకుంటున్నాడనుకున్నాను.) అంతటితో ఆగానా? గోడౌన్ వాళ్లెవరూ కంప్యూటర్ రంగులు ముట్టుకోకూడదని అరబ్బీలో అందరూ ముదీర్ అని పిలిచే మా మేనేజర్‌కి ఘాటుగా ఈమెయిల్ కూడా పెట్టాను.

మూడోనాడు అబుదాబిలో ఐకాడ్ అనే పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీకి ఫిల్టర్లు తీసుకెళ్లాల్సిన లారీ బేరింగులతో వెళ్లింది. అక్కడ యంత్రం ఆగిపోయింది. ముదీర్ నన్ను పిలిచి, "తప్పు ప్రోగ్రామ్‌దా, మనిషిదా, సాయంత్రానికి చెప్పు. మనిషిదైతే ఖలాస్, పంపించేద్దాం," అన్నాడు. నా ప్రోగ్రామ్‌ని అనుమానించినందుకు రగిలిపోతూ గోడౌన్‌కి పరుగుతీశాను.

"తెర మీద మూడో నంబరు అర అనుంటే, ఎనిమిదో అరలో ఎందుకు తీశారండీ?"

పెద్దన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కండ్లు మసకైనయి బిడ్డా. నల్లగ వెట్టుకుంటె అక్షరం తేటగ గనవడ్తది. ఎవ్వలకు చెప్పలె. చెప్తె వీసా క్యాన్సల్ జేసి ఇంటికి తోలుతరు."

నాకు ముందుగా వచ్చింది జాలి కాదు, కోపమే. "ఆ మాట మొన్ననే చెప్పొచ్చు కదా" అన్నాను.

"నువ్వు అడగలె గదా. ఎవరు పాడుజేసిన్రని అడిగినవ్."

సీటుకి తిరిగొచ్చి నేను రాసింది మళ్లీ చదివాను. వెనక రంగు నేనే పెట్టాను. అక్షరాల రంగు పెట్టడం మరిచి కంప్యూటర్‌కే వదిలేశాను. ఆయనకు నలుపు మీద తెలుపు కావాలని కంప్యూటర్ మర్యాదగానే చెప్పింది. నేను సగమే విన్నాను, అందుకే మీగడ మీద తెలుపు పడింది. ఆ పైన ఆయన నలుపును కూడా తుడిచేశాను. ముదీర్ దగ్గరికెళ్లి, "తప్పు ప్రోగ్రామ్‌దేనండీ" అన్నాను. "మరి రంగులు ముట్టుకోకూడదని ఈమెయిల్ పెట్టావుగా?" అన్నాడు. "అదీ తప్పేనండీ." ఆయన నన్ను ఎగాదిగా చూసి, "యల్లా, ఇక వెళ్లి రెండు రోజుల్లో బాగుచెయ్" అని పంపేశాడు. (ఊరుకున్నాడా? క్యాంటీన్‌లో అందరికీ చెప్పాడు. ఆ ఏడాదంతా నేను మీగడ మేడమ్‌ని.)

రెండు రోజులు కూర్చుని నా మీగడ, నా మామిడాకు, అన్నీ ఒక్కొక్కటే పీకేశాను. ఇక వెనక రంగైనా అక్షరమైనా, ఆ కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ఏది పెట్టుకుంటే అదే. తీసుకెళ్లి పెద్దన్నకు చూపించాను. నలుపు మళ్లీ పెట్టాడు. అక్షరాలన్నీ తేటగా నిలబడ్డాయి. కుర్చీలో వెనక్కి ఆనుకుని, దూరం నుంచే ఒక్కొక్క అర నంబరూ పైకి చదివాడు, ఒక్కటీ తప్పు పోలేదు.

"మస్తున్నది. గని బిడ్డా, రెండు దినాలు కూసోని నువ్వు జేసిందేంది? ఇవన్ని నా రంగులే గదా."

ఆ మాటకు వారం రోజులు లోలోపల ఉడికిపోయాను, నా కష్టం ఈయనకేం తెలుసని. ఇప్పుడు ఆ అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది. మూతి బిగించుకుని, ఎండలో విసవిసా ఆఫీసుకి నడిచొస్తోంది. తన పనికి దొరికిన మొదటి అసలైన మెప్పు, ఇవన్నీ నా రంగులే అన్న ఆ మాటేనని పాపం దానికి తెలియదు.