రెండో చుట్టు

నిన్న ఉదయం వాచ్‌మన్ తలుపు తట్టి, పాత కార్లు కొనేవాళ్లు మద్రాసు చూలై తుక్కు బజారు నుంచి వచ్చారని చెప్పాడు. మా బావ కారు కింద పార్కింగులో నాలుగేళ్లుగా కదలకుండా పడి ఉంది. ముసుగు గుడ్డ నిండా పావురాల రెట్టలు. తీసేయమని అసోసియేషన్ వాళ్లు మూడు నోటీసులు అంటించారు. అక్కావాళ్లది మా ఎదురిల్లే. అడిగితే, "ఇచ్చేయ్ రా, ఇంకెవురు తోలతారు దాన్ని" అంది. తాళాలు తీసుకుని దిగాను. ముసుగు లాగగానే కర్పూరం, ఇంజనాయిలు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. అది కారులోంచి వచ్చిందో, నా తలలోంచి వచ్చిందో చెప్పలేను.

బావ కోడంబాక్కంలో షూటింగులకు జనరేటర్ వ్యాను నడిపిన మనిషి. తోలడమూ ఆయనే, చెడిపోతే బాగుచేయడమూ ఆయనే. లైట్లు ఆరిపోతే హీరోని వదిలేసి అందరూ ముందు ఈయన్ని వెతికేవాళ్లు. ఆయన బీడీ పక్కన పెట్టి, ఇంజను దగ్గర చెవి పెట్టి, జబ్బు ఫలానా అని చెప్పేవాడు. చెప్పింది తప్పడం నేను చూడలేదు. అలాంటి మనిషి సొంత కారు మీద పరాయి చెయ్యి పడనిస్తాడా? అక్కకు కిడ్నీలు పోయి, వారానికి మూడుసార్లు డయాలిసిస్ మొదలయ్యాక ఆ కారుకు ఇంట్లో మనిషి హోదా వచ్చింది. టైమింగ్ బెల్టు మార్చాల్సిన సమయం దాటిపోయిందని, షెడ్డుకిస్తే వారం ఉంచేసుకుంటారని, తనే మారుస్తానని కూర్చున్నాడు. నన్ను సాయం పిలిచాడు. నేను డబ్బింగు సినిమాలకు మాటలు రాసేవాణ్ణి. తెర మీద పెదవి మూసుకునే చోట మాట మూసుకోవాలి, అక్షరం అటూ ఇటూ కాకూడదు. ఆ పనిలో ముప్పై ఏళ్లు అరిగిపోయిన కళ్లే అయినా, శుక్లాలు పట్టిన బావ కళ్ల కంటే నావే నయం. అక్క కుదుటపడ్డాకే కంటి ఆపరేషన్ అని ఆయన వాయిదా వేస్తూ వచ్చాడు.

టైమింగ్ బెల్టంటే పళ్లున్న రబ్బరు పట్టీ. ఇంజన్లో కింది చక్రాన్నీ పై చక్రాన్నీ జతగా తిప్పుతుంది. రెండు చక్రాల మీదా గుర్తులుంటాయి, అవి తమ తమ గీతల దగ్గర నిలవాలి. ఒక్క పన్ను జరిగినా ఇంజను ఊపిరి తప్పుతుంది. కొత్త బెల్టు బిగించాక కింది చక్రాన్ని స్పానర్‌తో రెండు చుట్లు తిప్పి చూడాలి. ఒక చుట్టుకు పై చక్రం సగమే తిరుగుతుంది. రెండో చుట్టు పూర్తయ్యాక గానీ పైన గుర్తు మళ్లీ కనబడదు, ఎక్కడైనా వదులుంటే అప్పుడే బయటపడుతుంది. ఇదంతా బావ నాకు ముందే పాఠం చెప్పాడు.

అది శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం. పెద్ద పని అయ్యాక కర్పూరం వెలిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించకుండా బండి రోడ్డెక్కదు మా ఇంట్లో. అక్క పళ్లెం పట్టుకుని నిలబడి, "టైమైపోతాంది, సీక్రం కానీండి! రాహుకాలంలో స్టార్ట్ చేస్తే నేనెక్కను" అంటోంది. బావ నిమ్మకాయలు సర్దుతూ, "రెండు చుట్లు తిప్పబ్బయా, నిదానంగా. గుర్తులు కలిసినాయా చూసి చెప్పు. నా కండ్లకు ఆ గీత ఆనడంలేదు" అన్నాడు. నేను స్పానర్ పట్టుకుని ఒక చుట్టు తిప్పాను. భుజం పట్టేసింది, చెమట కంట్లో పడింది, దానికి తోడు అక్క గోల. స్పానర్ తీసేశాను.

"రెండు చుట్లూ అయినాయా?"

"అయినాయి బావా."

"కలిసినాయా?"

"కలిసినాయి."

బండి నాలుగోసారికి స్టార్టయింది. నిమ్మకాయలు చక్కగా నలిగాయి. మర్నాటి నుంచి కష్టాలు మొదలయ్యాయి. పొద్దున స్టార్టవదు, అయితే సిగ్నల్ దగ్గర వణుకుతుంది, ఎత్తు వస్తే లాగదు. బావ ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, పెట్రోల్ ఫిల్టర్ విప్పి కడిగాడు, బంకులో నీళ్లు కలిపారని తిట్టాడు. చూసినవన్నీ క్యాలెండర్ కాగితం వెనక రాసి ఒక్కొక్కటే కొట్టేసేవాడు. అందులో బెల్టు లేనే లేదు. "బెల్టు కాదబ్బయా, అది నువ్వు చూసినావు కదా" అనేవాడు. నేను తలూపేవాణ్ణి. మొదటి రోజు ఒప్పుకుంటే రెండు తిట్లతో పోయేది. ఆయన మూడు వారాలు కారు కింద పడుకున్నాక ఏ మొహం పెట్టుకుని చెప్పను? పిరికివాణ్ణి, అంతే.

ఏప్రిల్ ఎండలో, ఆస్పత్రికి వెళ్తుండగా, ఫ్లైఓవర్ నడినెత్తిన కారు ఆగిపోయింది. వెనక సీట్లో అక్క, ముందు నేను. బావ ఎంత తిప్పినా ఇంజను పలకలేదు. వెనక బస్సులు హారన్లతో చంపుతున్నాయి. ఆటో దొరికి ఆస్పత్రికి చేరేసరికి అక్క డయాలిసిస్ వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రానికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. మూడు రోజులు ఐసీయూ. అక్క బతికింది. బావ మాత్రం ఆ ఐసీయూ గుమ్మం దగ్గరే చితికిపోయాడు. నా చేతిలో తాళాలు పెట్టి, "చేతులు పని మరిచిపోయినాయబ్బయా" అన్నాడు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. కారు మీద ముసుగు కప్పాం. దాన్ని ఇంకొకరికి చూపించడానికి ఆయన ఒప్పుకోలేదు, స్పానర్ మళ్లీ పట్టుకోలేదు. ఏడాదిన్నర తర్వాత గుండె ఆగి పోయాడు.

నిన్న చూలై మనిషి బానెట్ ఎత్తగానే, బెల్టు మూత విప్పించి, అతని స్పానర్ అడిగి తీసుకున్నాను. చక్రం తుప్పుపట్టి మొరాయించింది. ఒక చుట్టు. రెండో చుట్టు. కింద గుర్తు గీత మీద నిలిచింది. పైన గుర్తు ఒక పన్ను పక్కకు ఉంది. ఇనుముకు కొంటున్న బండికి ఇవన్నీ ఎందుకన్నట్టు అతను నా వంక చూశాడు.

పైకెళ్లి అక్క ముందు కూర్చున్నాను. "బావ చేతిలో తప్పు లేదక్కా. ఆ పొద్దు నేను ఒక్క చుట్టే తిప్పినా. రెండని అబద్ధం చెప్పినా" అన్నాను. కిందనుంచి కారును గొలుసులతో లాగుతున్న చప్పుడు వినిపించింది. అది గేటు దాటాక అక్క, "పొద్దంతా చేతులు చూసుకుంటా కూర్చునేవాడు రా. నువ్వు ఆడ పక్కనే కదా ఉండేది" అంది.

ఆ రెండో చుట్టుకు పట్టేది అర నిమిషం. నేను తిప్పేసరికి నాలుగేళ్లయింది, కలిసినాయా అని అడిగే మనిషి లేకుండా పోయాడు.