మాస్టారు అడగకుండా వదిలేసిన ప్రశ్న

పోయిన మంగళవారం మనవరాలు నది అవతల మాంగో పేట నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "అమ్మమ్మా, మాస్టర్‌జీ నహీ రహే" అంది. "తెలుగులో చెప్పు" అన్నాను అలవాటుగా. "మాస్టారు పోయారు" అంది. అప్పటికి గానీ ఏం విన్నానో నాకు తెలియలేదు.

బారిడీహ్‌లో మన తెలుగు బడిలో ఆయన చరిత్ర చెప్పేవారు. నేను పెద్ద టీచర్ని. ఇది చదివేవాళ్లలో చాలామంది ఆయన శిష్యులే కనుక స్పెయిన్ నావికుడి పాఠం గుర్తుండే ఉంటుంది. బల్ల మీద కుర్చీ వేసి ఒకణ్ణి రాజుగా కూర్చోబెట్టేవారు. భుజాన దుప్పటి కప్పుకున్న మరొకడు మోకరిల్లి అర్జీ చదివేవాడు. కొత్త దీవుల్లో ముత్యాలున్నాయి, మిరియాలున్నాయి, మంచి రేవులున్నాయి. ఓడలిప్పిస్తే ప్రభువు పేరున ఊళ్లు కట్టిస్తాను. రాజు పలకడు. నావికుడు మళ్లీ రాస్తాడు. అంతా అయ్యాక మాస్టారు కిటికీ దగ్గర నుంచి అడిగేవారు:

"బాగుందయ్యా. అక్కడ ఇదివరకే ఎంతమందున్నారో రాయలేదేటి?"

ఒక ఏడు నావికుడు తడుముకోకుండా, "కాయితం సాల్లేదు సార్!" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆయనా కళ్లద్దాలు తుడుచుకుంటూ నవ్వి, ఆఖర్న అన్నారు: "పటంలో తెల్లగా ఉన్నచోట ఎవరూ లేరనుకోకండి. మనకి తెలీదని దానర్థం."

ఆ ఏడే బడికి గదులు చాలక, వెనక నేల ఇప్పించమని నేను పై ఆఫీసుకు అర్జీ రాశాను. నేల ఖాళీగా ఉందని రాశాను. అక్కడ పదకొండు గుడిసెలున్నాయి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలవి. వాళ్ల పిల్లలు తొమ్మిది మంది మా బడిలోనే చదువుతున్నారు. సుద్దముక్కలకు కూడా లెక్క రాసే మనిషిని నేను. రోజూ ఆ తొమ్మిది పేర్లూ హాజరు పిలిచేదాన్ని.

మాస్టారు చదివి, సంతకం పెట్టకుండా కాగితం బల్ల మీద ఉంచారు.

"గుడిసెలున్నాయని రాద్దాం మేడంగారూ. వాళ్లకి వేరే చోటు కూడా అడుగుదాం."

"అలా రాస్తే నేల ఇస్తారా?"

"ఇవ్వకపోవచ్చండి."

"అయితే పాఠాలు క్లాసులో చెప్పుకోండి మాస్టారూ" అన్నాను.

అర్జీ పంపాను. నేల వచ్చింది. వానలకు ముందే గుడిసెలు పీకేశారు. వాళ్లు నది దాటి మాంగో వైపు వెళ్లిపోయారు. హాజరు పట్టీలో ఆ తొమ్మిది పేర్లూ నేనే కొట్టేశాను. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆదివారాలు సైకిలు మీద వంతెన దాటి వెళ్లి ఆ పిల్లలకు చదువు చెప్పేవారు. కొన్నాళ్లకు కాపురం కూడా అక్కడికే మార్చారు.

మరుసటేడు కొత్త గదిలో అదే పాఠం. నేను గుమ్మం దగ్గరున్నాను. అర్జీ చదవడం అయింది. మాస్టారు నోరు తెరిచి, నన్ను చూసి, "బాగా చదివేవు, కూకో" అన్నారు. పిల్లలు ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నారు. అడగండి మాస్టారూ అని నేను అనవలసింది. అనలేదు.

మొన్న మాంగోలో మాస్టారింటికి వెళ్లాను. వాకిట్లో గిన్నెలు తోముతున్న ఒకామె నన్ను గుర్తుపట్టింది. ఆ తొమ్మిది మందిలో ఒక పిల్ల తల్లి.

"రండి టీచరమ్మా, కూకోండి. మాస్టారంటే మావోళ్లకి ముందు కోపమేనమ్మా. గుడిసెలు తియ్యమని ఎవులు రాసేరండీ అని అడిగితే, బడి రాసింది, ఆ బడిలో నేనూ ఉన్నాను అన్నారు. ఆయనే రాసేరనుకుని రెండేళ్లు ఆ ఇంటి గడప తొక్కనేదు."

"ఆయన కాదమ్మా. నేను రాశాను."

ఆమె చెయ్యి ఆగింది. తర్వాత పెద్ద గుండిగ ముందుకు లాక్కుని, "ఆ సెంబు అందుకుని నీళ్లు పొయ్యండి" అంది.

నేను వంగి పోస్తున్నాను. ఆమె కడుగుతోంది. ఇంకా చాలా గిన్నెలున్నాయి.