ఏడో స్తంభం కింద నీడ

ఆ వసంతంలో స్టామెన్ మరీ తేలికైపోయాడు. నలభై ఏళ్లుగా ఉక్కు స్తంభాలు నిలబెట్టిన మేస్త్రీ, ఎద్దులాంటి మనిషి. పొద్దున్నే స్ట్రుమా నది పొగమంచులో పనికి నడుస్తుంటే, కాళ్లు నేలకి ఆనుతున్నట్టు అతనికే తోచేది కాదు. మధ్యలో ఆగి, నీడ ఉందా లేదా అని వెనక్కి చూసుకునేవాడు. మంచులో ఎవరికి మాత్రం నీడుంటుంది? పోతోంది, రోజుకింత చొప్పున పోతోంది, అనుకునేవాడు స్టామెన్.

కిందటేడు కట్టిన షెడ్డులో ఒక స్తంభం ఒరిగి మ్లాదెన్ పోయాడు. ఇద్దరు పిల్లల తండ్రి, స్టామెన్ జట్టులోవాడే. బోల్టులు బిగించలేదని కాగితాల్లో రాశారు, ఎవరు బిగించలేదో రాయలేదు. స్టామెన్ తన తాత మాట పట్టుకున్నాడు: కట్టడం తన వంతు అడుగుతుంది, ఇవ్వకపోతే తనే తీసుకుంటుంది. పూర్వం మా రాతిపనివాళ్లు దారినపోయేవాడి నీడని దారంతో కొలిచి పునాదిలో పెట్టేవారు. ఆ మనిషి నలభై రోజుల్లో పోయేవాడు, వంతెన నిలిచేది.

దారినపోయేవాణ్ణి చంపే బుద్ధి స్టామెన్‌కి లేదు. ఉన్ని మిల్లు కొత్త షెడ్డుకి ఏడో స్తంభం నిలిపిన సాయంత్రం ఉన్ని నూలుతో తన నీడనే కొలుచుకున్నాడు. సాయంత్రం నీడ పొడుగు కదా, ఇచ్చేదేదో నిండుగా ఇద్దామనుకున్నాడు. స్తంభం అడుగు పలకకీ పునాదికీ మధ్య సిమెంటు ముద్ద కూరే సందులో ఆ ఉన్ని నూలుని పరిచాడు. అది చెదరకూడదని ఆ మూల ముద్దని గట్టిగా కూరలేదు. వెర్రివాడు! అయినా నవ్వడానికి నాకు నోరు రాదు.

ఇంట్లో పెళ్లాం పేనాకి చెప్పేశాడు.

"చచ్చేవాడివి, ఆ కోళ్లగూడు తలుపు బాగుచేసి చావు," అంది పేనా. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ముప్ఫై ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఇంజనీరు నెవెనా సుత్తి పట్టుకుని వచ్చింది. ఏడో స్తంభం అడుగు పలక మీద తట్టింది.

"ఈ మూల డొల్లగా మోగుతోందేంటి బాబాయ్?"

"ఆ సుత్తి పాతదమ్మా. దానికన్నీ డొల్లే."

"సుత్తి మీద పెట్టకు. ఎల్లుండి పైకి క్రేన్ దూలం ఎక్కిస్తాం. ఈ మూల కింద ఆధారం లేకపోతే పలక వంగుతుంది, స్తంభం ఒరుగుతుంది. అప్పుడు పైన ఇంకో మ్లాదెన్ ఉంటాడు."

ఆ పేరు వినేసరికి స్టామెన్ ఇక దాచలేకపోయాడు. నూలు సంగతంతా చెప్పాడు. నెవెనా నవ్వలేదు.

"నూలు బరువు మొయ్యదు బాబాయ్, నీ నీడైనా సరే. సిమెంటు మోస్తుంది."

"తీసేస్తే అది ఇంకొకణ్ణి తీసుకుంటుందమ్మా."

"ఉంచితే తప్పకుండా తీసుకుంటుంది."

స్తంభం ఒరగకుండా నెవెనా నాలుగువైపులా ఆసరా కర్రలు పెట్టించాక, ఉలి స్టామెనే అందుకున్నాడు. నూలు తడిసి, బూడిదరంగు తిరిగి బయటికొచ్చింది. దాన్ని పక్కన పెట్టాడు. తర్వాత ఇనపకడ్డీతో కొత్త ముద్ద కూరాడు, అవతలివైపు నుంచి పొంగి బయటికొచ్చేదాకా కూరాడు. ఎలా వచ్చిందో చూద్దామని నెవెనా వంగింది. ఆమె నీడ పచ్చిముద్ద మీద పడింది.

"అవతలికి జరుగమ్మాయ్! నీడ! నీ నీడ!" అని కేకేసి, రెక్క పట్టి లాగేశాడు స్టామెన్. నెవెనా పక్కకి జరిగింది. దూలాన్ని మూడు రోజులు ఆపించింది.

నలభై ఒకటో రోజు పొద్దున్న మంచు లేదు. స్టామెన్ గిన్నె పట్టుకుని వచ్చాడు. అతని దినానికని పేనా ఉడకబెట్టి, పంచదార కలిపిన గోధుమలు.

"బతికున్నావుగా, ఇవెందుకు బాబాయ్?" అంది నెవెనా.

"పారబోస్తే పేనా నన్ను నిజంగానే చంపేస్తుంది."

ఆమె పలక నాలుగు మూలలా తట్టింది. నాలుగూ ఒకేలా గట్టిగా మోగాయి. జట్టంతా గిన్నె చుట్టూ చేరింది. మా ఆచారం ప్రకారం, తినేముందు పోయినవాళ్లలో ఎవరి పేరున తింటున్నారో చెప్పాలి. అందరూ స్టామెన్ వైపు చూశారు.

అతను చెంచా నింపుకున్నాడు. ఎండలో అతని నీడ కాళ్ల దగ్గర్నుంచి నల్లగా, పొడుగ్గా పడివుంది.

"మ్లాదెన్ పేరున," అన్నాడు. "ఆ బోల్టులు బిగించనిది నేనేనమ్మా."