చలికాలపు నీడను నమ్మని కాక

మా కాక పోయాడన్న కబురు శుక్రవారం పొద్దున, రూములో బట్టలు పిండుతుండగా వచ్చింది. ఊరి నుంచి ఆయన కొడుకు ఫోన్. "బాపు పోయిండన్నా" అన్నాడు, ఆ తర్వాత ఏడుపే. ధైర్యం చెప్పాల్సినవాణ్ని నేను. కానీ నిజం చెప్పుకుంటే ఆ క్షణాన నాకు దుఃఖం కంటే ముందు భయం వచ్చింది. ఇక ఆ కొమ్మల సంగతి ఎవర్ని అడగాలి అన్న భయం. మనిషి పోతే వీడికి కొమ్మలు గుర్తొచ్చాయా అని మీరు తిట్టుకోవచ్చు. నన్ను నేనే తిట్టుకున్నాను.

కాక అంటే రక్తసంబంధం కాదు, మా పక్క ఊరాయన. సౌదీలోని జుబైల్‌లో చెట్ల పని చూసే ఒక కాంట్రాక్టరు దగ్గర మేస్త్రి. తాపీ పనికని వచ్చిన నన్ను ఆ పని లేదని చెట్ల మీదికి తోలితే, రంపం పట్టడం నేర్పింది ఆయనే. మనవాళ్లం కాకా అనేవాళ్లం, పాకిస్తానీలూ బంగ్లాదేశీలూ చాచా అనేవారు.

మా చేతిలో ఉన్నవాటిలో ఒక ఫ్యాక్టరీ గేటు బయట ఆరు దిరిసెన చెట్లు ముఖ్యమైనవి. ఎండాకాలంలో మధ్యాహ్నం మూడు గంటలు బయటి పని బంద్. ఆ మూడు గంటలూ వెల్డర్లు, ఫిట్టర్లు, మట్టిపనివాళ్లు ఆ చెట్ల కింద అట్టముక్కలు పరుచుకుని పడుకుంటారు. ఆ చుట్టుపక్కల మరో నీడ లేదు. కొమ్మలు కోయాల్సింది మాత్రం చలికాలంలో, ఆకు రాలి చెట్టు నిద్రలో ఉన్నప్పుడు. చిక్కంతా అక్కడే ఉంది.

నా మొదటి చలికాలం, ఒక లావుపాటి కొమ్మ నీడ దూరంగా ప్రహరీ గోడ మీద పడుతోంది. గోడకు నీడెందుకని కోసేశాను. కాక చూసి రెండు రోజులు నా చేతికి రంపం ఇవ్వలేదు. జూన్‌లో ఒక మధ్యాహ్నం నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్లి ఆ చెట్టు కింద ఒకచోట కూర్చోబెట్టాడు. నేల పెనంలా ఉంది. అప్పుడు చెప్పాడు. చలికాలంలో సూర్యుడు వాలి ఉంటాడు కాబట్టి నీడ ఎక్కడో పడుతుంది. ఎండాకాలం నడినెత్తికి వచ్చాక అదే కొమ్మ నీడ నేరుగా దాని కిందే పడుతుంది. నేను కోసిన కొమ్మ కింద నలుగురు పడుకునేవారట. ఆ నలుగురూ అట్టముక్కలు చంకన పెట్టుకుని జాగా కోసం తిరుగుతున్నారు.

"చలికాలపు నీడ సుట్టం అసొంటిది రా. ఇయ్యాల ఈడుంటది, రేపు పోతది. దాన్ని జూసి కొమ్మ గొయ్యకు" అన్నాడు.

అందుకే ఆయనకొక పద్ధతి ఉండేది. నడివేసవిలో, అందరూ పడుకున్న వేళ, పొడుగాటి కర్రకు కుంచె కట్టి, సున్నం డబ్బా పట్టుకుని చెట్ల కింద తిరిగేవాడు. మనుషుల మీద నీడ పరిచిన కొమ్మ ఏదో చూసి దానికి కింది నుంచి ఒక తెల్లబొట్టు పెట్టేవాడు. చలికాలం వచ్చాక బొట్టున్న కొమ్మను ముట్టకూడదు, మిగతావాటి సంగతే చూడాలి. సున్నం ఏడాదికి వెలిసిపోతుంది, కొమ్మలూ పెరుగుతాయి, కాబట్టి ఏటా మళ్లీ పెట్టాల్సిందే. బొట్టు పెట్టించుకున్నాక అది ఇంటి మనిషేనని నవ్వేవాడు.

ఆయన అంత భయస్తుణ్ని నేను చూడలేదు. కోతల మొదటిరోజు రంపం సంచిలోంచి తీయనే తీయడు, మెడ పట్టేదాకా పైకి చూస్తూ తిరుగుతాడు. చాచా జాతకం చూస్తున్నాడని కుర్రవెల్డర్లు ఆటపట్టించేవారు. తాడు మూడుసార్లు లాగి చూసిగానీ ఎక్కడు. లావు కొమ్మను ముందు కింది నుంచి కొంత కోయాలి, తర్వాతే పై నుంచి, లేకపోతే విరిగేటప్పుడు మాను బెరడంతా చీలుతుందని వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. కోత అయ్యాక మార్చిలో చిగురు కనపడేదాకా ఆయనకు తిండి సయించేది కాదు. ఎందుకంత హైరానా అని ఒకసారి విసుక్కున్నాను.

"కోసేటోనికి జర రంది ఉండాలె. రంది లేనోని చేతికి రంపం ఇయ్యద్దు" అన్నాడు. రంది అంటే దిగులు. అది నాకు పుట్టుకతోనే ఉంది కాబట్టి నన్ను ఉంచుకున్నాడేమో.

పోయిన ఏడాది కిడ్నీలు చెడి, ఎండలు ముదరకముందే సెలవు మీద ఊరెళ్లాడు. వెళ్తూ ఈసారి బొట్లు నన్ను పెట్టమన్నాడు. సరేనన్నాను. ఎండాకాలమంతా నన్ను వేరే సైటులో వేశారు. ఒక్క మధ్యాహ్నం అడిగి వస్తే అయిపోయే పని. రాలేదు. కాక వచ్చేస్తాడుగా అనుకున్నాను, ఇంతకుమించి నా దగ్గర సాకు లేదు.

డిసెంబరులో ఫోన్ చేశాను. కరీంనగర్ దవాఖానలో ఉన్నాడు, గొంతు పీలగా వస్తోంది. నిజానికి కొమ్మల గురించి అడుగుదామనే చేశాను. ఆయనే ముందడిగాడు.

"బొట్లు వెట్టినవా?"

"పెట్టిన కాకా" అన్నాను. నోరెలా వచ్చిందో తెలియదు.

"అట్లయితే నాకేం రంది లేదు" అన్నాడు. మూడు వారాలకు పోయాడు. అబద్ధాన్ని నమ్మి నిశ్చింతగా పోయాడు.

కబురొచ్చిన మర్నాడే ముదీర్, అంటే మా మేనేజరు, పిలిచాడు. ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికి పెద్ద ట్రెయిలర్లు వస్తున్నాయట, ఈ వారంలోపు చెట్లు ఆరూ తేలిక చేయాలట, రోడ్డు వైపు కొమ్మలన్నీ తీసేయాలట. చెట్ల కింద కాలు కాలిన పిల్లిలా తిరిగాను. మోడు కొమ్మలు, ఎండుకాయల గలగల. నీడలు రోడ్డు మీదా గోడ మీదా పడున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఒక్కటి తప్పు కోసినా జూన్‌లో ఎవరో ఒకరి ఒళ్లు కాలుతుంది.

మధ్యాహ్నం తిండి వేళ ఒక ముసలి పాకిస్తానీ ఫిట్టరు వచ్చి ఏం పోగొట్టుకున్నావని అడిగాడు. ఆపుకోలేక మొత్తం చెప్పేశాను, చివరికి ఆ అబద్ధం కూడా. ఆయన టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, మూడో చెట్టు దగ్గరికి నడిచి, అడుగులు సరిచూసుకుని నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. జూన్‌లో తన చోటు ఇదేనన్నాడు. ఆ తర్వాత తోటివాళ్లను కేకేశాడు.

ఒక్కొక్కరే వచ్చారు. స్వెట్టర్లతో, మంకీ క్యాపులతో, సముద్రపు చలిగాలిలో ఎవరి చోట వాళ్లు పడుకున్నారు. పదిహేను మంది దాకా ఉంటారు. ఒక చోటు నాదంటే నాదని ఇద్దరు బంగ్లాదేశీలు వాదించుకుంటే ఇద్దరి పైనున్న కొమ్మలూ వదిలేద్దామనుకున్నాను. నేను పరుగున వెళ్లి సున్నం కలుపుకొచ్చి, ఒక్కొక్కరి పక్కనా పడుకుని నిట్టనిలువుగా పైకి చూసి, లేచి బొట్టు పెట్టాను. మూడో బొట్టు దగ్గర ఏడుపొచ్చింది. కర్ర కదిలి సున్నం నా మొహాన పడింది, అదీ మంచికే అయింది.

ముదీర్ గేటులోంచి వచ్చి ఇదేమిటన్నాడు. ఎవరూ లేవలేదు. ముసలి ఫిట్టరు పడుకునే, ఇక్కడ జూన్ నడుస్తోంది సాబ్ అన్నాడు. రోడ్డు వైపు బొట్లున్న కొమ్మలు ట్రెయిలరు కంటే ఎత్తునే ఉన్నాయని, వాటి నుంచి వేలాడే రెమ్మలు తీస్తే చాలని నేను చెప్పాను. ముదీర్ పైకి చూశాడు, పడుకున్నవాళ్లను చూశాడు. ట్రెయిలరుకు తగిలిందంటే నీ ఇకామా సంగతి నువ్వు చూసుకో అని వెళ్లిపోయాడు. ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు అదొక్కటే నాకు. తగలదనే అనుకుంటున్నాను. కొలిచాను, మళ్లీ కొలిచాను, రేపు మళ్లీ కొలుస్తాను.

పని మొదలుపెట్టబోతూ అందరినీ పక్కకు జరగమన్నాను. జరిగారు. ముసలి ఫిట్టరు జరగలేదు. దగ్గరికెళ్లి చూస్తే నిజంగానే నిద్రపోయాడు, టోపీ కళ్ల మీదికి లాక్కుని, నోరు కొంచెం తెరుచుకుని. తిండి వేళ అయిపోయిందని గంట కొట్టడానికి ఇంకా పావుగంట ఉంది. నేను రంపం కింద పెట్టి ఆయన పక్కనే కూర్చున్నాను.