మా మామ అద్దం తుడిచిన గురువారం

మా మామ కుర్మయ్యకు శామీర్‌పేట చెరువులో నలభై ఏళ్ల సర్వీసు. ఏ మూల రవ్వ చేప దొరుకుతుందో, ఏ బురదలో కొర్రమట్ట దాక్కుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇన్నేళ్లలో ఆయన చేతికి చిక్కిన చేప ఒక్కటీ ప్రాణంతో తిరిగి వెళ్లలేదు. అలాంటి మనిషి చేతుల్లో నా కూతురు భవిత తన నాలుగు గోల్డ్‌ఫిష్‌లను పెట్టింది.

చెరువులో కొత్తగా చేపపిల్లలను వదిలిన రోజుల్లో వల వేయకూడదు. అప్పుడు మామకు చేతులు ఊరుకోవు. బహదూర్‌పల్లిలోని మా ఇంటికి వచ్చి, బాగున్న కుళాయిని విప్పి బాగు చేసి పాడు చేస్తాడు. ఈసారి ఆయన కన్ను అక్వేరియం మీద పడింది. బోరు నీళ్లు కదా, బయటి అద్దం మీద తెల్లటి చారలు పేరుకున్నాయి.

"కూరకు రావు, అమ్ముదమంటె కొనేటోడు లేడు. గీటికో అద్దాల మేడ," అన్నాడు మొదట. తర్వాత మెల్లగా, "లోపల ఉన్నయి చేపలో మామిడికాయ ముక్కలో తెలుస్తలేదు బిడ్డా. నేను తుడుస్త," అన్నాడు.

భవిత ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. తప్పు నాదే. పోయినేడు నేను కిటికీలకు కొట్టే నీలం స్ప్రే కొట్టి దాని రెండు చేపలను పొట్టన పెట్టుకున్నాను. వారం రోజులు అది నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి ఆ అద్దం మీద ఇంకెవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

గురువారం నా వారపు సెలవు. కండ్లకోయ కాలేజీ బస్సు ఎక్కబోయే ముందు భవిత తాతను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"స్ప్రే అస్సలు వద్దు తాత. గాలి మోటరు ఆ తుంపర్లను గుంజి నీళ్లల్ల కలుపుతది. సబ్బు తగలని బట్ట తీస్కో, ఉత్త నీళ్లల్ల తడిపి గట్టిగ పిండు. తెల్ల మరకలకు నిమ్మరసం రెండు సుక్కలు, అది గూడ బట్ట మీదనే. ముందుగాల మోటరు ప్లగ్గు తియ్యి, తడి చేతుల్తోని ముట్టకు. పని అయినంక మల్ల పెట్టు."

"నాకే చేపల గురించి చెప్తున్నవా?"

"చేపల గురించి కాదు తాత, అద్దం గురించి."

ఆయన పని చూసి తీరాలి. చేతులు లుంగీకి రెండుసార్లు తుడుచుకుని ప్లగ్గు పీకాడు. నిమ్మకాయను పెరట్లోకి తీసుకెళ్లి పిండాడు, ఇంట్లో పిండితే చేపలకు తెలిసిపోతుందన్నట్టు. పైనుంచి చుక్క కూడా లోపల పడకూడదని ఒక గోనెసంచి తడిపి తెచ్చి, తొట్టి మూత మీద పరిచి అంచులు బిగించాడు. చేపల గంప మీద తడి గోనె కప్పడం ఆయనకు చొక్కా గుండీలు పెట్టుకున్నంత అలవాటు. అబ్బో, మామకు ఎంత ముందుచూపో అనుకున్నాను. పైగా పైకే మెచ్చుకున్నాను.

గంటన్నరలో అద్దం తళతళలాడింది. ఫోటో తీసి భవితకు పంపాను. మామ గర్వంగా భోంచేసి, పడుకునే ముందు గోనె ఆరిపోకుండా దాని మీద మరో రెండు దోసిళ్లు నీళ్లు చల్లాడు. పీకిన ప్లగ్గు గోడ పక్కన వేలాడుతూనే ఉంది. మా ఇద్దరిలో ఒక్కరికీ అది కనబడలేదు.

మూడున్నరకు లేచి మంచినీళ్లు తాగుతూ తొట్టి వైపు చూసిన మామ, గ్లాసు కింద పెట్టేశాడు. నాలుగు చేపలూ పైకి చేరి, మూతులు తెరిచి గుటకలు వేస్తున్నాయి. అన్నిటికంటే చిన్నది పక్కకు ఒరిగిపోయింది. నేనైతే ఆకలేమో అనుకునేవాణ్ని. ఉక్కపోత రోజుల్లో నీళ్లలో గాలి తగ్గితే చెరువు చేపలు కూడా ఇలాగే పైకి తేలతాయట. వలకు సులువుగా చిక్కుతాయి. అలాంటి పొద్దున మామ గట్టెక్కి సంబరంగా అందరినీ కేకేసేవాడు.

"అల్లుడా, ప్లగ్గు!" అని అరిచి గోనెను లాగి విసిరేశాడు.

నేను ప్లగ్గు పెట్టాను. బుడగలు మొదలైనా ఆయనకు చాలలేదు. చెంబుతో ఆ తొట్టి నీళ్లే తీసి మూరెడు ఎత్తునుంచి పోశాడు, మళ్లీ తీసి మళ్లీ పోశాడు. "లే బిడ్డా, జర లే," అని చిన్నదాన్ని బతిమాలాడు. పొద్దున అంత కష్టపడి తుడిచిన అద్దం నిండా నీళ్లు కారిపోయాయి. అరగంట అయ్యాక చిన్నది తోక ఆడించి అడుగుకు దిగింది. మామ నేల మీద కూలబడ్డాడు. వారం నుంచి ఆయన్ని ఆటపట్టిస్తున్నది నేనే. చాలా జాలేసింది.

"భవితకు చెప్పకు మామా. ఏం కాలేదు గద," అన్నాను, పాత ముద్దాయి అనుభవంతో.

సాయంత్రం భవిత వస్తూనే అద్దం చూసింది. "గీ మరకలేంది తాత? ఫోటోల మస్తు మెరిసింది గద!"

మామ లేచి నిలబడ్డాడు. "చంపబోయిన బిడ్డా. ప్లగ్గు పెట్టుడు మర్చిన. సచ్చిన చేపల మీద కప్పే గోనె బతికున్నవాటి మీద కప్పిన." తొట్టిలో చిన్నదాన్ని చూపించాడు. "నలభై ఏండ్లు చేప గట్ల నోరు తెరిస్తె సంబరపడ్డ. ఇయ్యాల కాళ్లు వణికినయ్."

భవిత చేపలను లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత బీరువాలోంచి సబ్బు తగలని పొడి బట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఆదివారం మల్ల తుడువాలె. నువ్వే తుడువు, ప్లగ్గు నేను సూస్కుంట."

మామ ఆ బట్టతోనే కళ్లు ఒత్తుకున్నాడు. భవిత దాన్ని లాక్కుని, తన చున్నీ కొంగు ఆయనకు అందించింది.

"గది అద్దానికి తాత. నువ్వు దీంతోని తుడుసుకో."