ఆరా మాస్టారు

సాయంకాలాలు పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పే ఆయనకు వెనక బల్లలవాళ్లు పెట్టిన పేరు ఆరా మాస్టారు. ఎవరి ఇంటి గుట్టయినా అడగబోయే ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తీరిగ్గా తుడుస్తాడు. పాఠంలో సందేహం అడిగితే మాత్రం తలెత్తడు. "పుస్తకంలో ఉంది, చూసుకో" అంటాడు.

ఆ రోజు బోర్డు మీద క్యూరియస్, ఇన్‌క్విజిటివ్ అని రాసి, రెండిటి పక్కనా కుతూహలం అని అర్థం రాశాడు. బట్టలు కుట్టే ఆమె లేచింది.

"రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు మాస్టారూ? తేడా ఏంటి?"

"అంత లోతు నీకెందుకమ్మా?" అంటూ ఆయన కళ్లజోడు తీశాడు. "అది సరే, మీ ఆయన నిన్నొదిలేశాడటగా? ఇప్పుడెవరితో ఉంటున్నాడు?"

రాస్తున్న పెన్నులు ఆగిపోయాయి. ఆమె మెడ ఎర్రబడింది. అయినా కూర్చోలేదు.

"నేనడిగింది పాఠం గురించి. మీరడిగింది నా కాపురం గురించి. తేడా తెలిసిపోయింది. నలుగురిలో అడిగారుగా, ఆ తేడా నలుగురికీ కనబడేలా బోర్డు మీద రాయండి."

ఆయన నవ్వబోయాడు. వెనక బల్ల మీది లారీ డ్రైవరు నోటుబుక్కు తెరిచి, "రాయండి మాస్టారూ, రాసుకుంటాం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మాస్టారు బోర్డు వైపు తిరిగాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది.